అన్నీ ఒకేసారి మానేయకు చిన్నీ

చిన్నీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సోమవారం నుంచి పాలు, గోధుమలు, పప్పు, ఉల్లి, వెల్లుల్లి అన్నీ ఆరు నెలలు మానేస్తానంటున్నావట, జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించావట. ముందు చాలా సంతోషమేసింది. మూడేళ్లుగా హ్యాండ్‌బ్యాగులో గ్యాస్ మాత్రల షీటు పెట్టుకుని తిరిగే పిల్ల, ఇక మాత్రలు చాలు, అసలు సంగతేంటో తేల్చుకుంటానందంటే చిన్న విషయమా! తర్వాత ఆ ఆరు నెలల మాట గుర్తొచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి ఇది రాస్తున్నాను.

నెమ్మదిగా నమిలి తిను, కూల్‌డ్రింకులు, చూయింగ్‌గమ్ మానెయ్, రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా సంగతి మాత్రం నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నాకు 42 ఏళ్లు, తెనాలి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్పేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిన్న గంటకల్లా పొట్ట డోలులా అయ్యేది, పిల్లల ముందు నిలబడాలంటే భయం. కందిపప్పు వాతం అని స్టాఫ్‌రూంలో ఎవరో అన్నారు, మానేశాను. ఓ వారం బాగానే ఉన్నట్టనిపించి మళ్లీ మామూలే. అయితే బంగాళాదుంప అనుకున్నా, అదీ మానేశాను. తర్వాత శనగపిండి, తర్వాత వంకాయ, తర్వాత రాత్రి చపాతీలు. తీసేయడమే గానీ, తీసేసినదాన్ని మళ్లీ కొంచెం తిని చూద్దామని ఒక్కరోజు కూడా అనిపించలేదు. చివరికి నా కంచంలో అన్నం, చారు, మజ్జిగ మిగిలాయి. ఆకలేస్తే పాలు, ఎందుకంటే పాలు తేలికని కదా మన ఇళ్లలో నమ్మకం! పొద్దున ఒక గ్లాసు, రాత్రి పెద్ద గ్లాసు, మధ్యలో మూడు టీలు. వీటికి తోడు పరగడుపున కడుపులో ఆమ్లం తగ్గించే ఓ మాత్ర, మందుల షాపతను ఇచ్చింది, ఏ డాక్టరూ రాయకుండానే ఐదేళ్లు మింగాను.

రెండేళ్లలో 58 కిలోల నుంచి 46కి వచ్చాను. నాలుక ఎర్రగా మండేది, అరికాళ్లలో తిమ్మిర్లు, జుట్టు దువ్వెన నిండా. మీ పెదనాన్న క్యాన్సరేమోనని లోలోపల కుమిలిపోయి, ఓ రోజు స్కూలుకి సెలవు పెట్టించి గుంటూరు తీసుకెళ్లారు. రక్తం తక్కువ, బి12 మరీ తక్కువ. గుడ్డు కూడా ముట్టనిదాన్ని, పైగా అన్నేళ్లు ఆ మాత్ర. కడుపులో ఆమ్లం తగ్గిపోతే తిండిలోంచి బి12 సరిగ్గా విడిపోదని, పేగుల్లో ఉండాల్సినచోట కాకుండా పైన చిన్నపేగులో బ్యాక్టీరియా పెరగడానికీ అదే దారి ఇస్తుందని అక్కడి డాక్టరు చెప్తుంటే తల దించుకుని విన్నాను. బి12 ఇంజెక్షన్లు, ఐరన్ రాసి, రెండు వారాలు తిన్నదీ తాగిందీ టైముతో సహా పుస్తకంలో రాయమన్నారు. ఆ పుస్తకం చూసి ఆయన అడిగింది ఒక్కటే, "పాలు ఇన్నిసార్లు ఎందుకమ్మా?" అని.

పది రోజులు పాలు ఆపాను. పొట్ట దిగిపోయింది. పాలలో ఉండే చక్కెరని, అదే లాక్టోజ్‌ని, విరిచే ఎంజైమ్ నాకు తగ్గిపోయింది, అది అలాగే పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తోంది. పెరుగు పడేది, ఎందుకంటే తోడుకునేటప్పుడే ఆ చక్కెర కొంత ఖర్చయిపోతుంది. నెల తర్వాత కందిపప్పు రెండు ముద్దలు, కాస్త నెయ్యి వేసుకుని తిన్న రోజు కంచం ముందు ఏడ్చాను చిన్నీ. ఏ తప్పూ లేని పప్పుని రెండేళ్లు దూరం పెట్టాను. ప్రయోగంలో ఒక్కసారి ఒక్కటే మార్చాలని తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పి చెప్పి, నా ఒంటి దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను.

నువ్వు చెయ్యాలనుకుంటున్నది మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతే, అంటే చిన్నపేగులో సరిగ్గా అరగక పెద్దపేగులో గ్యాస్ చేసే కొన్ని రకాల చక్కెరలున్న తిండిని కొన్నాళ్లు మానడం. కానీ వాళ్లు మానమన్నది 2 నుంచి 6 వారాలే, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తెచ్చుకుని ఏది ఎంతవరకు పడుతుందో చూసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి, పప్పుల్లోని ఆ చక్కెరలే పేగుల్లో మనకి మేలు చేసే బ్యాక్టీరియాకి కూడా తిండి. ఆరు నెలలు పస్తు పెడితే అవీ తగ్గిపోతాయి.

గోధుమ మానేముందు డాక్టర్‌ని అడిగి సీలియాక్ రక్తపరీక్ష చేయించుకో, గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు అది. గోధుమ తింటున్నప్పుడే ఆ పరీక్ష సరిగ్గా చెప్తుంది, మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు.

నువ్వు నాలుగు వారాలు మానితే చాలు. ఆ నాలుగు వారాలూ అన్నం మానొద్దు, గ్యాస్ దాదాపు చేయనిది అదే. బెండకాయ, వంకాయ, క్యారెట్ హాయిగా వండుకో. గుడ్డు తింటావు కాబట్టి రోజూ తిను. వెల్లుల్లి లేకపోతే కూర దిగదంటావు కదా, రెబ్బలు నూనెలో వేయించి తీసి పారెయ్, ఆ చక్కెర నూనెలో కరగదు, వాసన మాత్రం ఉంటుంది. ఉల్లికాడల్లో పచ్చభాగం వాడుకో. ఇంగువ డబ్బా మీద చదువు, చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పప్పు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి మెత్తగా ఉడికించు, ముందు పెసరపప్పు, తర్వాతే కంది.

ఇంకొకటి, ఇది నవ్వుతూ కొట్టిపారేయకు. మీ తాతయ్య ఆ రాత్రి ఛాతీ పట్టేసినట్టుంది అంటే అందరం గ్యాసే అనుకున్నాం. సోడా నేనే కలిపి ఇచ్చాను. చెమటలు పడుతుంటే విసనకర్రతో విసిరాను. తెల్లారేసరికి నాన్న లేడు. అందుకే చెప్తున్నా, ఛాతీ నొప్పితో చెమటలు పట్టినా, చేతికో దవడకో లాగినా, నీకైనా మీ అమ్మకైనా, గ్యాస్ అన్న మాట నోట రానివ్వకుండా 108కి చెయ్యండి. అలాగే బరువు దానంతటదే తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ఈ ప్రయోగాలన్నీ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లు. నువ్వు వెళ్లనంటే నేనే బస్సెక్కి వస్తాను.

తిట్టానని ముఖం ముడుచుకోకు తల్లీ, నీ వయసులో నాకు ఇంత ధైర్యం లేదు.

ఆ జాబితా మీద ఆరు నెలలు అన్నది కొట్టేసి నాలుగు వారాలు అని రాయి. పక్కన ఓ నోటుబుక్కు పెట్టుకో, టీ తాగినా రాయి. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసినప్పుడు అది ఎదురుగా పెట్టుకుని కూర్చో, ఇద్దరం చూద్దాం. ఉగాదికి ఇంకా రెండు నెలలుంది. నువ్వు వచ్చేసరికి మామిడికాయ పప్పు చేసి ఉంచుతాను, ఎన్ని ముద్దలు పెట్టాలో నీ పుస్తకం చూసి పెడతాను.

మీ పెద్దమ్మ