ఒవెచ్కిన్ రికార్డు ఎక్కువ కాలం ఆడినందుకే వచ్చిందా?

అమెరికా, కెనడాల్లో ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యధిక గోల్స్ రికార్డు వేన్ గ్రెట్స్కీ నుంచి ఒవెచ్కిన్ చేతికొచ్చింది. దాని గురించే ఒకరు, "ఇరవై ఏళ్లు ఆడితే ఎవరైనా గ్రెట్స్కీని దాటుతారు కదా, అందులో గొప్పేముంది?" అని అడిగారు. ఏళ్లు కాదండీ, మ్యాచ్‌లు లెక్కపెట్టండి. ప్లేఆఫ్స్ కలపకుండా వేన్ గ్రెట్స్కీ 1,487 మ్యాచ్‌ల్లో 894 గోల్స్ కొట్టి రిటైర్ అయ్యాడు. అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 895వ గోల్ కొట్టింది కూడా తన 1,487వ మ్యాచ్‌లోనే. పైగా గ్రెట్స్కీ ఆడిన ఎనభైల్లో గోల్స్ ఇప్పటికన్నా చాలా తేలిగ్గా పడేవి. ఒవెచ్కిన్‌ని 2004లో వాషింగ్టన్ క్యాపిటల్స్ టీమ్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) మొట్టమొదట తీసుకుంటే, ఓనర్లకీ ఆటగాళ్లకీ పేచీ వచ్చి ఆ సీజన్ మొత్తం రద్దయింది. 2012లో మళ్లీ అదే గొడవ, దాదాపు సగం సీజన్ పోయింది. తర్వాత కోవిడ్. అవన్నీ జరగకపోతే ఈ రికార్డు ఎప్పుడో బద్దలయ్యేది. ఇందులో నాకు అనుమానమే లేదు.

మేం ఉండేది వర్జీనియాలో, క్యాపిటల్స్ మా ఊరి టీమ్ లాంటిది. ఆ గోల్ పడిన రోజు 2025 ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి. గుడిలో కల్యాణం అయిపోయి, అందరం భోజనాల లైన్లో ఉన్నాం. చుట్టూ ఉన్నవాళ్ల ఫోన్లలో ఐపీఎల్. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ గుజరాత్ చేతిలో ఓడిపోవడంతో ఎవరి మొహంలోనూ కళ లేదు. నేనొక్కణ్ణే న్యూయార్క్‌లో ఐలాండర్స్ టీమ్‌తో జరుగుతున్న క్యాపిటల్స్ మ్యాచ్ చూస్తున్నాను. రెండో పీరియడ్, క్యాపిటల్స్‌కి పవర్ ప్లే, అంటే పెనాల్టీ పడి ఎదుటి టీమ్‌లో ఒకరు తగ్గిన సమయం. టామ్ విల్సన్ పాస్ ఇచ్చాడు. ఐసు మీద ఎడమవైపు గీసిన సర్కిల్ దగ్గర నుంచి ఒవెచ్కిన్ కొట్టాడు. గోలీ ఇల్యా సొరోకిన్, అతనూ రష్యన్నే. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) నెట్‌లో పడగానే మనవాడు ఐసు మీద బోర్లా దూకి జారుకుంటూ పోయాడు. నేను గట్టిగా అరిచాను. వెనకాల ఉన్న పెద్దాయన "ఏమైంది బాబూ, ఎవరు గెలిచారు?" అన్నారు. ఫోన్ ఆయన చేతికిచ్చి రీప్లే చూపించాను. మ్యాచ్ ఆపి, గ్రెట్స్కీ స్వయంగా ఐసు మీదికొచ్చి అతన్ని అభినందించడం చూసి, "రికార్డు పోయినాయనే వచ్చాడా! పెద్ద మనసు" అన్నారాయన. లైన్ ముందుకు కదిలినా మేమిద్దరం కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనవాళ్లు ఏళ్ల తరబడి ఈ ఊళ్లలో ఉంటారు, ఇంటి పక్కనే ఐస్ హాకీ ఆడే రింక్ ఉంటుంది, పిల్లల్ని మాత్రం లెక్కల ట్యూషన్‌కే తోలుతారు. "దెబ్బలు తగులుతాయండీ" అంటారు. ఒవెచ్కిన్ వాళ్లమ్మ తత్యానా బాస్కెట్‌బాల్‌లో సోవియట్ జట్టుతో 1976లో, 1980లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి. ఇంట్లో ఆటకి విలువ ఉంటేనే అలాంటి కొడుకు తయారవుతాడు.

ఇక "ఎప్పుడూ ఒకేచోట నిలబడి కొడతాడు" అనే విమర్శ. నిజమే, పవర్ ప్లేలో ఆ ఎడమ సర్కిలే అతని అడ్డా. అక్కడి నుంచే కొడతాడని ఎదుటి టీమ్‌కి తెలుసు, గోలీకి తెలుసు, స్టేడియంలో ఉన్న చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆపలేకపోయారు. అందరికీ తెలిసిన షాట్‌తో ఇన్నేళ్లు గోల్స్ కొట్టడమే నా దృష్టిలో అసలు గొప్ప. "ప్లేఆఫ్స్‌లో పనికిరాడు" అని కూడా ఏళ్ల తరబడి తిట్టారు. 2009, 2016, 2017, మూడుసార్లూ పిట్స్‌బర్గ్ చేతిలోనే ఓటమి. అయినా అతను వేరే టీమ్‌కి మారిపోలేదు. 2018లో అదే పిట్స్‌బర్గ్‌ని ఓడించి, ఫైనల్లో వేగాస్‌ని ఓడించి లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ తెచ్చాడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 2006 జనవరి 16న ఫీనిక్స్ టీమ్ మీద కొట్టిన గోల్ వీడియో వెతికి చూడండి. డిఫెండర్ తోసేస్తే వెల్లకిలా పడి, ఐసు మీద జారిపోతూ, గోల్ వైపు చూడకుండానే స్టిక్‌తో పక్‌ని లోపలికి లాగేశాడు. అప్పటికింకా అతనిది మొదటి సీజనే. ఆ రోజు ఫీనిక్స్ కోచ్ ఎవరో తెలుసా? వేన్ గ్రెట్స్కీ.