ప్రదర్శనలో స్టాల్ కోసం అమ్మాయి చదువు డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: నేను, మా వారు కలిసి ఐదేళ్లుగా ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాం. ఇంట్లో లైట్లు, కర్టెన్లు, తలుపు తాళం ఫోన్‌తోనో మాటతోనో పనిచేసేలా చేసే పరికరాలు తయారుచేస్తాం. వచ్చే ఏడాది ఒక పెద్ద అంతర్జాతీయ కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో స్టాల్ తీసుకోవాలని మా వారి పట్టుదల. మా దగ్గరున్న మొత్తం డబ్బును 100 అనుకుంటే, కంపెనీ ఖాతాలో 40, రెండేళ్లలో మొదలయ్యే అమ్మాయి పై చదువుకు దాచింది 45, అత్యవసరాలకు 15 ఉన్నాయి. కంపెనీ 40లో 22 వచ్చే మూడు నెలల జీతాలకు, విడిభాగాలకు కావాలి. స్టాల్ అద్దె 12. ప్రయాణాలు కలిపినా 20 దాటదని మా అంచనా. చాలకపోతే చదువు డబ్బులోంచి కొంత తీసి, తర్వాత ఇంటి మీద లోన్‌తో సర్దేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. అమ్మాయి చదువు డబ్బు కదపకండి. ఇంటి మీద లోన్ వద్దు. ఈసారి సొంత స్టాల్ కూడా వద్దు. ప్రదర్శనకు మాత్రం వెళ్లండి, దానికి తక్కువ ఖర్చు దారి ఉంది. అదేమిటో చెప్పేముందు తెర వెనక ఏం జరుగుతుందో మీరిద్దరూ కూర్చుని చదవండి. మీ 20 అంచనా ఎక్కడ తప్పిందో అక్కడే తెలుస్తుంది.

డబ్బు సలహాలిచ్చే ఈ వృత్తిలోకి రాకముందు నేను మీలాంటి ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూసేవాణ్ని. మనుషులు చాలక, ఒక ప్రదర్శనకు నన్ను కూడా స్టాల్‌లో నిలబడటానికి తీసుకెళ్లారు. మా పరికరాలన్నీ రెండు సూట్‌కేసుల్లో పట్టేశాయి. కానీ తాళం తెరుచుకోవడం చూపించాలంటే తలుపు కావాలి. తలుపు నిలబడాలంటే గోడ కావాలి. కర్టెన్ జరగాలంటే కిటికీ చట్రం, లైటు వెలగాలంటే పైకప్పు లాంటిది ఒకటి. ఇంటి ఆటోమేషన్ చూపించేవాళ్లకు ఉన్న అసలు కష్టం ఇదే. వస్తువు చిన్నదే, దాన్ని చూపించడానికి ఒక ఇంటినే మోసుకెళ్లాలి. ఆ చెక్క గోడ, తలుపు కలిపి మా పరికరాలన్నిటి కంటే ఎన్నో రెట్లు బరువు తూగాయి.

ఆ బరువుకు విమానంలోనో ఓడలోనో కట్టే కిరాయి ఒక్కటే ఉంటుందనుకున్నాం. కానీ అమెరికాలో జరిగే చాలా ప్రదర్శనల్లో లారీ దగ్గర్నుంచి స్టాల్ వరకు పెట్టెలు చేర్చడానికి విడిగా కట్టాలి. దాన్ని మెటీరియల్ హ్యాండ్లింగ్ అంటారు, డ్రేయేజ్ అని కూడా అంటారు. ప్రతి 100 పౌండ్లకు, అంటే దాదాపు 45 కిలోలకు ఇంత అని లెక్క. అదే హాలులో కొన్ని వందల అడుగుల దూరమే అయినా ఆ బిల్లు వస్తుంది. కరెంటు విడిగా, ఇంటర్నెట్ విడిగా, కార్పెట్ విడిగా. గడువులోపు ఆర్డర్ చేస్తే ఒక రేటు, అక్కడికెళ్లి అడిగితే ఇంకో రేటు. నిర్వాహకులు పంపే ఎగ్జిబిటర్ మాన్యువల్‌లో ఇవన్నీ ఉంటాయి. మేం దాన్ని చివరి వారంలో తెరిచాం. అప్పటికి తక్కువ రేట్ల గడువు దాటిపోయింది.

కరెంటు విషయంలో మీలాంటివాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 24 గంటల కరెంటు అని అడిగి డబ్బు కట్టకపోతే చాలాచోట్ల రాత్రి హాలు మూసేశాక కరెంటు తీసేస్తారు. టీవీలు అమ్మేవాళ్లకు పొద్దున్నే స్విచ్ వేస్తే సరిపోతుంది. మీకు మాత్రం పరికరాలన్నిటినీ నడిపే హబ్ మళ్లీ లేవాలి, ఒక్కో సెన్సర్, ఒక్కో స్విచ్ దానికి మళ్లీ కలవాలి. మా ఇంజినీరు రోజూ అందరికంటే ముందే వెళ్లి ఆ పని చేసేవాడు.

వై-ఫై సంగతి ఇంకా బాధ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్లు మామూలుగా వాడేవి మూడే: 1, 6, 11. ఇంటి పరికరాలు వైరు లేకుండా మాట్లాడుకోవడానికి వాడే జిగ్‌బీ, బ్లూటూత్ కూడా అదే బ్యాండ్‌లో ఉంటాయి. హాలులో వేలాది ఫోన్లు, ప్రతి స్టాల్‌కూ ఒక సొంత రౌటర్. మొదటిరోజు తలుపులు తెరిచిన అరగంటకే మా డెమో ఆగిపోయింది. ఎదురుగా ఒక కొనుగోలుదారు నిలబడి ఉన్నాడు. "తలుపు తెరువు" అని మావాడు మూడుసార్లు చెప్పాడు. తలుపు కదల్లేదు. ఆయన మర్యాదగా నవ్వి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అప్పటి రేటుకే వైర్ లైన్ తెప్పించుకుని, కార్పెట్ కింద కేబుల్ వేసి, వైరుతో నడపగలిగినవన్నీ దానికే కలిపాం. ఆ కేబుల్ ఖర్చు మా అంచనాలో ఎక్కడా లేదు.

చివరి రోజు ఖాళీ పెట్టెలు గోదాము నుంచి తిరిగొచ్చేసరికి రాత్రయింది. వాటి కోసం కూర్చోవాల్సి వచ్చి విమానం టికెట్లు మార్చుకున్నాం. అదో ఖర్చు.

అందుకే ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. మొత్తం ఖర్చు స్టాల్ అద్దెకు సుమారు మూడు రెట్లు. మీ అద్దె 12 అయితే మొత్తం 36 వేసుకోండి. మీ కంపెనీ ఖాతాలో వాడుకోగలిగింది 40 కాదు, 18 మాత్రమే. మిగతా 22 మీ ఉద్యోగుల జీతాలు, సరుకు. 36లోంచి 18 తీసేస్తే ఇంకో 18 లోటు. మీ వారు "చాలకపోతే కొంత" అంటున్నది అదే. అంటే చదువు డబ్బు 45లో నూటికి 40 వంతులు పోతుంది.

లోన్ వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. లోన్ వాయిదా సాధారణంగా వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ప్రదర్శన నుంచి వచ్చే డబ్బు అలా రాదు. ముందు శాంపిల్ అడుగుతారు. వాళ్ల ఇంజినీర్లు పరీక్షిస్తారు. మార్పులు చెబుతారు. వాళ్ల దేశంలో అమ్మడానికి రేడియో అనుమతులు ఉన్నాయా అని అడుగుతారు: అమెరికాకు ఎఫ్‌సీసీ, యూరప్‌కు సీఈ గుర్తు. మీ పరికరాలు జిగ్‌బీ లాంటిదే అయిన జడ్-వేవ్ మీద పనిచేస్తే ఒక్కో ప్రాంతానికి ఫ్రీక్వెన్సీయే వేరు, అంటే ఆ మేరకు హార్డ్‌వేర్ కూడా మార్చాల్సి రావచ్చు. మ్యాటర్‌కు సర్టిఫికెట్ ఉందా అన్న ప్రశ్న ఇప్పుడు తప్పనిసరిగా వస్తుంది. వేర్వేరు కంపెనీల ఇంటి పరికరాలు కలిసి పనిచేసేలా చేసే, 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చిన ఈ ప్రమాణం వెనక ఆపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ అన్నీ ఉన్నాయి. ఆ సర్టిఫికెట్‌కు, దాన్ని నడిపే కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్ అనే సంస్థలో సభ్యత్వం, పరీక్షల ఖర్చు ఉంటాయి. ఇవన్నీ దాటాక ఆర్డర్. తర్వాత విడిభాగాలు కొనాలి, తయారుచేయాలి, పంపాలి. డబ్బు సరుకు చేరిన 60 రోజులకో 90 రోజులకో.

మా కంపెనీకి ఆ నాలుగు రోజుల్లో విజిటింగ్ కార్డులు ఒక పెట్టెడు వచ్చాయి. వాటిలో విద్యార్థులవి, పోటీ కంపెనీలవి, మాకే విడిభాగాలు అమ్మాలని వచ్చినవాళ్లవి ఎక్కువ. రెండో మెయిల్‌కు జవాబిచ్చినవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నిజమైన మొదటి ఆర్డర్ ఎనిమిదో నెలలో వచ్చింది. అది మంచి ఆర్డరే. కానీ సరుకు తయారుచేయడానికి మా దగ్గర డబ్బు లేదు, అంతా స్టాల్‌కే పోయింది. అడ్వాన్స్ అడిగితే వాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఆర్డర్ మా కళ్లముందే వేరేవాళ్లకు వెళ్లింది. ఆ రోజు మా యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. స్టాల్‌కు డబ్బు లేకపోవడం కంటే ఆర్డర్‌కు డబ్బు లేకపోవడం ఎక్కువ నష్టమని నేను నమ్మేది అందుకే. మీ వారి పట్టుదలను తక్కువ చేసి చెప్పడం లేదు. ఆ పట్టుదల లేకుండా ఐదేళ్లు కంపెనీ నిలబడదు.

ఇప్పుడు తక్కువ ఖర్చు దారి. జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగే సీఈఎస్‌లో యురేకా పార్క్ అని, సెప్టెంబరులో బెర్లిన్‌లో జరిగే ఐఎఫ్ఏలో ఐఎఫ్ఏ నెక్స్ట్ అని కొత్త కంపెనీలకు విడి విభాగాలు ఉన్నాయి. వాటికి అర్హత నిబంధనలుంటాయి, ఐదేళ్ల కంపెనీకి వర్తిస్తాయో లేదో ముందే చదవండి. అవి కుదరకపోతే దేశాల తరఫున పెట్టే పెవిలియన్లలో ఒక చిన్న కౌంటర్ అడగండి. మీకు చిప్‌లు, మాడ్యూళ్లు అమ్మే పెద్ద కంపెనీ స్టాల్‌లో ఒక మూల మీ పరికరం పెట్టనిస్తారేమో కూడా అడగండి. తమ చిప్‌తో ఏం చేయొచ్చో చూపించడానికి వాళ్లకూ ఉదాహరణలు కావాలి. కౌంటర్ అద్దె 4 లోపు దొరికితే మూడు రెట్ల లెక్కన మొత్తం 12. మీ 18లో 6 మిగులుతుంది. ఆ 6 శాంపిళ్లకు, తర్వాతి ప్రయాణానికి, సర్టిఫికెట్ల మొదటి విడతకు. దాన్ని ప్రదర్శన సమయంలో ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. 4కు దొరకలేదంటే ఈ ఏడాది సందర్శకుల్లా వెళ్లండి. ముందే మెయిల్ చేసి పది మందితో సమయం తీసుకుని, ఒక సూట్‌కేసు పట్టుకుని వెళ్లి కలిసి రండి.

గోడ, తలుపు మోసుకెళ్లకండి. బల్ల మీద పట్టే చెక్క పలకకు ఒక తాళం, రెండు స్విచ్‌లు, మూరెడు కర్టెన్ పట్టా బిగించండి. అంతా వైరుతో కలపండి. ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియోను ఇంటర్నెట్ లేకుండా నడిచేలా టాబ్లెట్‌లో పెట్టుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. అక్కడి వోల్టేజీ కూడా చూసుకోండి. 230 వోల్టుల కోసం చేసిన, లైటు వెలుతురు తగ్గించే డిమ్మర్‌ను 120 వోల్టుల దేశంలో పెడితే డెమో మొదలవ్వకముందే ఆగిపోతుంది.

డెమో సామాను తిరిగి తెచ్చేదే కాబట్టి ఏటీఏ కార్నే గురించి మీ వాణిజ్య మండలిలో అడగండి. అది ఉంటే దిగుమతి సుంకం కట్టకుండా సామాను ఏడాదిలోపు తీసుకెళ్లి తిరిగి తేవచ్చు. దానికి పూచీకత్తు పెట్టాలి. ఆ డబ్బు ఖర్చు కాదు గానీ కొంతకాలం ఇరుక్కుంటుంది, లెక్కలో విడిగా రాసుకోండి. కార్నే మీద తీసుకెళ్లినవి అక్కడ అమ్మకూడదు.

మీ తాళంలో సొంత ఆవిష్కరణ ఏదైనా ఉంటే, ప్రదర్శనకు ముందే పేటెంట్ దరఖాస్తు వేయండి. యూరప్‌లో ఇలాంటి వాణిజ్య ప్రదర్శనలో ఒకసారి అందరికీ చూపించాక కొత్తదనం పోయిందంటారు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది, అన్ని దేశాల్లో లేదు. మొదటి దరఖాస్తు వేశాక మిగతా దేశాల్లో వేయడానికి 12 నెలల సమయం దొరుకుతుంది. ఇది వాయిదా వేయకూడని ఖర్చు. 12లో అన్నిటికంటే ముందు దీనికి తీయండి, అవసరమైతే కౌంటర్ సైజు తగ్గించుకోండి.

ఈ వారంలో ఒక పని చేయండి. అమ్మాయి చదువు డబ్బు కంపెనీ లావాదేవీలు జరిగే బ్యాంకులో ఉంటే అక్కడి నుంచి తీసి, మీ ఇద్దరి పేరున వేరే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. మొదటి ఏడాది ఫీజుకు సరిపడేది ఒకటి, మిగతాది ఒకటి, ఫీజు కట్టే తేదీలకు ఒక నెల ముందు చేతికొచ్చేలా గడువు పెట్టండి. రెండేళ్లలో కావాల్సిన డబ్బు కాబట్టి షేర్లలో పెట్టొద్దు. కౌంటర్ కొటేషన్ వచ్చాక ఎగ్జిబిటర్ మాన్యువల్‌లోని రేట్ల పేజీలు కూడా కలిపి నాకు పంపండి, 12లో ఏది ఎంతకు సరిపోతుందో లైను లైనుగా కలిసి చూద్దాం.