ఇంటి ముందు గజానియానా, గైలార్డియానా?

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కొత్త ఇంటికి గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా రెండు పక్కలా గజానియా వేయిస్తున్నావనీ, నర్సరీ అతనితో మాట కూడా అయిపోయిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లోను కట్టుకుంటూ, ఉద్యోగానికి పరిగెత్తుతూ కూడా ఇంటి ముందు పూలుండాలనుకున్నావు చూడు, అది విని నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే నీళ్లు గుర్తొచ్చి గుండె దడదడలాడింది.

అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అందులోనూ ఎక్కువ భాగం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మిగతా కాలమంతా బోరే దిక్కు. మీ కాలనీలో ఇంటికో బోరు వేశారట కదా. అంతమంది తోడుతుంటే ఎన్నాళ్లు పోస్తుందమ్మా? పూల కోసం ట్యాంకరు పిలిపించే పరిస్థితి నీకు రాకూడదు. తక్కువ నీళ్లతో బతికే పూలు చూసుకున్నావంటే అందుకే సంతోషం. కానీ నన్నడిగితే నేలలో గైలార్డియా వెయ్యి. గజానియా మీద అంత మనసుంటే కుండీల్లో పెట్టుకో.

గజానియా అందం నేను కాదనను. రేకు మొదట్లో కాటుక దిద్దినట్టు నల్లటి వలయం, మొదలు నుంచి కొస దాకా సన్నటి చార. ఆకు తిప్పి చూడు, అడుగున తెల్లటి నూగు ఉంటుంది. ఆకులోని తేమ గాలికి ఎగిరిపోకుండా ఆపేది అదే. దక్షిణాఫ్రికా సముద్రతీరపు ఇసుకలో పుట్టిన జాతి కాబట్టి ఎండకూ, కాస్త ఉప్పు నీళ్లకూ ఓర్చుకుంటుంది. మీ బోరు నీళ్లకు బకెట్టు అంచున తెల్లగా పట్టినా దానికేం ఫరవాలేదు.

అయితే ఒకటి నీకు నర్సరీ వాళ్లు చెప్పి ఉండరు. గజానియా ఎండ పడితేనే విచ్చుకుంటుంది. మబ్బు పట్టినా, పొద్దు వాలినా రేకులు ముడుచుకుపోతాయి. నువ్వు ఎనిమిదింటికల్లా ఇంటి నుంచి బయటపడతావు, అప్పటికి అది ఇంకా పూర్తిగా విచ్చుకోదు. తిరిగొచ్చేసరికి ఏడవుతుంది, అప్పటికి ముడుచుకుపోయి ఉంటుంది. ఇంత డబ్బు పోసి, ఇంత కష్టపడి, ఆ పువ్వు మొహం నువ్వు ఆదివారం తప్ప చూడలేవు. గైలార్డియా అలా కాదు, ఒకసారి విచ్చుకున్న పువ్వు రాత్రయినా అలాగే ఉంటుంది. నువ్వు గేటు తీసి లైటు వేయగానే కనిపిస్తుంది. పగలంతా అలసిపోయి వచ్చేదానివి, నీకు కావలసింది అదే.

ఇంకొకటి. మన మైదానాల్లో గజానియా చలికాలపు పువ్వు. సెప్టెంబరు, అక్టోబరుల్లో గింజలు వేస్తే సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి, ఏప్రిల్ దాకా బాగా పూస్తుంది. నీళ్లు లేని ఎండను అది భరిస్తుంది. వేడీ తడీ కలిసి వస్తే మాత్రం తట్టుకోలేదు. ఈ సంగతి మీ అమ్మకు బాగా తెలుసు, ఎలా తెలిసిందో నీతో ఎప్పుడూ చెప్పి ఉండదు.

మీ నాన్నకు ధర్మవరంలో ఉద్యోగమైనప్పుడు నువ్వింకా ఒళ్లో పిల్లవి. క్వార్టర్స్ ముందు చారెడు జాగాలో మీ అమ్మ గజానియా వేసింది. ఆ శివరాత్రికి నేను వెళ్లినప్పుడు చూడాలి ఆ పూలు! దారిన పోయేవాళ్లు ఆగి పేరడిగేవాళ్లు. ఏప్రిల్ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడటం మొదలైంది. ఎండ దెబ్బకు ఏ మొక్కయినా ఆ వేళకు కాస్త వాలుతుంది, చల్లబడ్డాక దానంతటదే నిలబడుతుంది. మీ అమ్మ అంతవరకు ఆగలేకపోయింది. దాహమేస్తోంది పాపం అని మధ్యాహ్నమే చెంబులతో పోసింది. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ. అడుగు ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోసింది, బలం లేదేమోనని పచ్చి పేడ కూడా వేసింది. ఆ వీధిలో కుళాయి రోజూ వచ్చేది కాదు. బట్టలు నానబెట్టడం మానుకుని, నీ స్నానానికి పట్టుకున్న నీళ్లల్లోంచి తీసి మరీ పోసింది.

సెలవులకు నేను మళ్లీ వెళ్లేసరికి సగం మొక్కలు చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో ఒకదాన్ని పట్టుకుని లాగితే వేరు లేకుండానే చేతిలోకి వచ్చేసింది. మట్టిని ఆనుకుని ఉన్న చోట కాండం గోధుమ రంగు తిరిగి, జిగటగా, కుళ్లు వాసన వేస్తోంది. మీ అమ్మ గడప మీద కూర్చుని ఏడ్చింది. పూల కోసమే అనుకోకు, మండు వేసవిలో అన్ని నీళ్లు ఒలకబోశానే అని ఏడ్చింది. తర్వాత ఎన్ని ఇళ్లు మారినా దాన్ని మళ్లీ పెట్టలేదు. ఇప్పుడు నీ ఇంటి ముందు అదే పువ్వు అని విని నాకెంత టెన్షన్ పట్టుకుందో అర్థమైందా?

అందుకని చెప్తున్నా, విను. మధ్యాహ్నం వాలిన మొక్కను సాయంత్రం దాకా ముట్టుకోకు. పొద్దు గుంకాక కూడా లేవకపోతే మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడు. పొడిగా ఉంటేనే నీళ్లు. తడిగా ఉండీ వాలిందంటే కుళ్లు మొదలైనట్టే, నీళ్లు ఆపెయ్. సంక్రాంతికి మీ అమ్మ నీ దగ్గరికి వస్తానంటోంది. పప్పు రుబ్బమను, ముగ్గులు వెయ్యమను, దాని చేతికి పైపు మాత్రం ఇవ్వకు.

గైలార్డియా స్వస్థలం అమెరికా. డాలస్‌లో ఉన్న మీ అన్న పోయిన ఏప్రిల్‌లో వీడియో కాల్‌లో రోడ్డు పక్క ఎర్రగా, పసుపు అంచులతో బారులు తీరిన పూలు చూపించాడే, అవే. అక్కడ ఎవరూ నీళ్లు పోయరు. మన నర్సరీల్లోనూ ఎన్నో ఏళ్లుగా ఉన్నదే, ముద్ద రకాన్ని దండల్లో కూడా కడతారు. అక్కణ్ణుంచి గింజలు తెమ్మని వాణ్ణి ఇబ్బంది పెట్టకు.

నేల సంగతి చూడు. ఇల్లు కట్టినప్పుడు పడ్డ సిమెంటు పెళ్లలూ, కంకరా ఏరించి, ఎర్రమట్టిలో ఇసుకా, బాగా చివికిన పశువుల ఎరువూ కొంచెం కలిపి, జానెడు ఎత్తు లేపించు. నల్లరేగడిలో అయితే ఇది కూడా కుళ్లుతుంది, మీది ఎర్రనేల కావడం అదృష్టం. గింజల మీద మట్టి పలచగా చల్లితే చాలు. నెలకు నారు తీసి అడుగు దూరంలో నాటు. వేరు పట్టే దాకా, అంటే మూడు వారాలు, క్రమంగా నీళ్లుండాలి. కరువుకు ఓర్చుకునే మొక్క అని ఆ రోజుల్లో ఎండబెట్టకు. ఆ తర్వాత యూరియా గీరియా జోలికి పోవద్దు, ఆకు పెరిగి కొమ్మలు పడిపోతాయి తప్ప పూలు రావు.

వాడిన పూలు తుంచుతూ ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. చివర్లో కొన్ని వదిలెయ్, రేకులు రాలాక గరుకు బంతిలా మిగిలేదే గింజ. రాలిన చోటే మళ్లీ మొలుస్తుంది. తుంచేటప్పుడు చేతికి గ్లోవ్స్ వేసుకో. ఆ కాడల నూగు కొందరికి దురద పెడుతుంది, నీ ఒళ్లు చిన్నప్పటి నుంచీ దేనికైనా ఇట్టే దద్దుర్లు తేలేది. ఆ చేతులతో కళ్లు నలుపుకోకు. చెప్తే వింటావు కదూ?

కుండీల్లో పెట్టే గజానియా నర్సరీ నుంచి వస్తే వేళ్ల చుట్టూ కొబ్బరి పొట్టు ముద్దగా ఉంటుంది. అది నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లు తెగకుండా కాస్త విదిల్చి నాటు.

మా పెరట్లో కాసిన గైలార్డియా గింజలు పొట్లం కట్టి పంపిస్తున్నాను. వానలు తగ్గాయి, ఈ వారంలో చల్లుకోవచ్చు. నర్సరీ అతనికి ఇవాళే ఫోన్ చేసి గజానియా ఆర్డరు తగ్గించు, అడ్వాన్సు తిరిగివ్వనంటే కుండీలు ఇప్పించుకో. ఆ పని అయ్యాక రేపు పొద్దున మోటారు వేసి, ఎంతసేపటికి నీళ్లు ఆగి ఆగి వస్తున్నాయో గడియారం చూసి నాకు చెప్పు. అది తెలిస్తేగానీ ఎన్ని మొక్కలు పెట్టాలో లెక్క చెప్పలేను.

మీ పెద్దమ్మ