కర్త ఎక్కడమ్మా?

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. విందు బల్ల దగ్గర మాటలు సహజంగా సాగాయి. ఆరో పేజీలో ఆగిపోయాను. "ఆమె లైంగిక వేధింపులకు గురైంది" అని రాశావు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

గురవడానికి అదేమన్నా జ్వరమా, వడదెబ్బా? చేసినవాడు ఏడి? నీ కథలో ఆ పని చేసిన గాయకుడికి పేరుంది, బంగళా ఉంది, ముప్ఫై ఏళ్ల కీర్తి ఉంది. నేరం దగ్గరికొచ్చేసరికి వాక్యంలోంచి మాయమయ్యాడు. "అతను తలుపు గడియ పెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు." ఇలా రాయి. కథంతా వెతికి ‘గురైంది’, ‘జరిగింది’ అన్న ప్రతిచోటా "ఎవరు చేశారు?" అని అడుగు. జవాబు నీకే తెలియకపోతే ఆ ఘట్టం నువ్వింకా ఊహించుకోలేదన్నమాట. ఈ మాటని మనకి అలవాటు చేసింది పత్రికలే. సున్నితమైన విషయం అంటూ సంపాదకులు ముందు కొట్టేసేది కర్తనే. నువ్వు వాళ్ల పని సులువు చెయ్యకు.

ఇక విందు. ఎనిమిది మంది, ఒకే సీసా, అందరూ మూడో గ్లాసు తాగుతున్నారన్నావు. 750 మిల్లీలీటర్ల సీసాకి 150 చొప్పున పోస్తే ఐదు గ్లాసులే వస్తాయి. ఎనిమిది మందికి మూడేసి అంటే 24 గ్లాసులు, దాదాపు ఐదు సీసాలు. ఈ లెక్క నీ కథకి అవసరం. ఐదు సీసాలంటే ఎవరో ఐదుసార్లు లేవాలి, కార్క్ తియ్యాలి, బల్ల చుట్టూ తిరిగి పొయ్యాలి. గాయకుడి పేరు వినపడగానే ఇంకో సీసా కోసం ఎవరు లేచారు? విందు ఇచ్చిన ఇంటావిడే అయితే, అసలు కథ ఆవిడ దగ్గరుంది. మరొకటి, ఫ్రిజ్‌లోంచి తీసిన రెడ్ వైన్ నేరుగా పోయించావు. చిక్కటి రెడ్ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మరీ చల్లగా ఉంటే వగరే నాలుకకి తగులుతుంది, ఆహా అనరెవరూ.

విందు 2016లో పెట్టి హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ లైంగిక వేధింపుల మీద వచ్చిన కథనాల గురించి మాట్లాడించావు. న్యూయార్క్ టైమ్స్ ఆ కథనం వేసింది 2017 అక్టోబరులో. 2016 వదులుకోలేనంటే బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ ఉన్నాడు. లైంగిక వేధింపుల ఆరోపణల మీద 2009లో పోలీసులు అతన్ని ప్రశ్నించారు, కేసు మాత్రం పెట్టలేదు. 2011లో పోయాడు. మరుసటేడు స్త్రీలు టీవీలో చెప్పాకే లోకం విన్నది. విందుని 2021 చివరికి జరిపితే అమెరికన్ హాస్యనటుడు బిల్ కాస్బీ మాట వస్తుంది. లైంగిక దాడి కేసులో 2018లో జ్యూరీ అతన్ని దోషి అంది. 2021 జూన్‌లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కేసు పెట్టనని పాత ప్రాసిక్యూటర్ ఇచ్చిన మాటే కారణం, అతను తప్పు చెయ్యలేదని కోర్టు చెప్పలేదు. "కోర్టే వదిలేసిందిగా" అని నీ అతిథుల్లో ఒకడు అనాలి. పక్కనున్న లాయరు దాన్ని సరిదిద్దాలి, లేదా తెలిసీ ఊరుకోవాలి. ఊరుకుంటేనే కథకి బలం.

ప్రొఫెసరు ఉపన్యాసం, రెండు పేజీలూ తీసెయ్. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆ ఇంటావిడ ముఖం మనకి కనపడటంలేదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. అది తర్వాత. ముందు తిరగరాసి నాకు పంపు. మళ్లీ ‘గురైంది’ కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేస్తాను.