వైజాగ్ నుంచి గోవా కేసినోకి వెళ్లడం డబ్బుకి తగ్గ పనేనా?

అడిగిన ప్రశ్న ఇది: "మేం నలుగురు ఫ్రెండ్స్ గాజువాక నుంచి గోవా వెళ్లి కేసినోలో ఆడదామనుకుంటున్నాం. మనిషికి నలభై వేలు పక్కన పెట్టుకున్నాం. అంత ఖర్చు పెట్టి వెళ్లొచ్చా?"

గోవా వెళ్లండి. కేసినో కోసమే అయితే మాత్రం వద్దంటాను. నలభై వేలు అనేది మీరు ఇక్కడ ప్రశాంతంగా కూర్చుని వేసుకున్న లెక్క. రాత్రి ఒంటి గంటకి ఆ బల్ల ముందు అది నిలబడదు. ఇది నేను దగ్గరుండి చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మా ఆయన, నేను, మా మరిది, తోడికోడలు కలిసి వెళ్లాం. పణజిలో మాండవి నది మీద కేసినో ఓడలు ఉంటాయి. ఒడ్డు నుంచి చిన్న పడవలో తీసుకెళ్తారు. టికెట్‌లోనే భోజనం, డ్రింక్స్, ఆడుకోవడానికి కొన్ని కూపన్లు కలిపి ఇచ్చారు. ఆ కూపన్లతో ఆడొచ్చు గానీ వాటిని తిరిగిచ్చి డబ్బు తీసుకోలేం. భోజనం బాగుంది, పాటలు బాగున్నాయి, పైనుంచి నది చాలా అందంగా ఉంది. మా తోడికోడలు, నేను తిని, కాసేపు గాలికి కూర్చుని వచ్చేసి ఉంటే టికెట్ డబ్బు దండగ అనేదాన్ని కాదు.

మా మరిది రూలెట్ దగ్గర కూర్చున్నాడు. తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట అది. ఆ చక్రంలో 37 గళ్లు ఉంటాయి. 18 ఎరుపు, 18 నలుపు, ఒక పచ్చటి సున్నా. బల్ల పక్కన ఒక స్క్రీన్ మీద అంతకుముందు వచ్చిన నంబర్లన్నీ వరుసగా కనబడుతుంటాయి. వరసగా ఎరుపే పడుతోంది. "వదినా, చూడు, ఇంక నలుపు రాక తప్పదు" అని ఐదు వందలు నలుపు మీద పెట్టాడు. పోయింది. ఒక్కసారి గెలిస్తే పోయిందంతా వెనక్కి వస్తుందని రెట్టింపు చేసి వెయ్యి పెట్టాడు. రెండు వేలు, నాలుగు వేలు, ఎనిమిది వేలు, పదహారు వేలు. అన్నీ పోయాయి. కూడి చూడండి, ముప్పై ఒక్క వేల ఐదు వందలు. అంత పెట్టింది ఐదు వందలు గెలవడానికి! ఆ తర్వాత పెట్టాల్సింది ముప్పై రెండు వేలు. జేబులో అంత లేదు.

"వదినా, నీ కార్డ్ ఒకసారి ఇవ్వు" అన్నాడు. ఇవ్వనన్నాను. ముఖం మాడ్చుకుని వైజాగ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేశాడు, నిద్ర లేపి మరీ. డబ్బు వచ్చేలోపు చక్రం ఒకసారి తిరిగింది. నలుపు పడింది.

ఆ రాత్రి జరిగిన అసలు నష్టం అదే అని నా గట్టి నమ్మకం. ఎందుకంటే తను అనుకున్నదే నిజమని అతనికి అక్కడ ఖాయమైపోయింది. ఫ్రెండ్ పంపినది కూడా తెల్లారేలోపు పోయింది, అయినా ఇప్పటికీ "ఒక్క నిమిషం ముందు డబ్బు పడుంటే" అనే అంటాడు. చక్రానికి జ్ఞాపకం ఉండదయ్యా అంటే వినడు. 1913 ఆగస్టు 18న యూరప్‌లోని మాంటే కార్లో కేసినోలో ఇదే రూలెట్‌లో నలుపు వరసగా 26 సార్లు పడింది. ఇంక ఎరుపే అనుకుంటూ రెట్టింపు చేసుకుంటూ పోయినవాళ్లు అక్కడ లక్షలకి లక్షలు పోగొట్టుకున్నారు. నలుపు మీద పందెం ఓడిపోయే అవకాశం ప్రతిసారీ 37లో 19. అంటే వరసగా ఆరుసార్లు ఓడిపోవడం సుమారు యాభై ఐదుసార్లకి ఒకసారి జరుగుతుంది. రాత్రంతా కూర్చున్నవాడికి అది అరుదైన సంగతేం కాదు. పైగా ప్రతి బల్ల మీదా ఇంతకు మించి పెట్టకూడదని ఒక పరిమితి ఉంటుంది. రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పటికైనా గెలుస్తామనే వాదన అక్కడే ఆగిపోతుంది.

ఆ సున్నా వల్ల పెట్టిన ప్రతి వంద మీదా సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు కేసినోకి పోతాయి. అంతేనా అనిపిస్తుంది. మీరు తీసుకెళ్లిన నలభై వేల మీద ఒక్కసారి కాదు, అవే నోట్లు గెలిచి, ఓడి, మళ్లీ పెట్టిన ప్రతిసారీ పోతాయి.

పన్నుల సంగతి మీ ఫ్రెండ్స్ ఎవరూ చెప్పి ఉండరు. కేసినో పందేల మీద జీఎస్టీ 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. చిప్స్ (బల్ల మీద డబ్బుకి బదులు పెట్టే బిళ్లలు) కొనేటప్పుడు అది ఎలా కలుపుతున్నారో కౌంటర్‌లో ముందే అడగండి. గెలిస్తే ఆ గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, సెస్ అదనం. ఓడిపోయిన డబ్బుని అందులోంచి తీసేసి చూపించడం కుదరదు.

నాకు అసలు కోపం తెప్పించే విషయం ఇంకొకటి ఉంది. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా ప్రభుత్వం గోవా వాళ్లని ఈ కేసినోల్లో ఆడనివ్వడం లేదు. బయటి నుంచి వచ్చే టూరిస్టులే ఆడాలి. తమ పిల్లలకి పెట్టని వంట మన పిల్లలకి వడ్డిస్తున్నట్టే కదా ఇది? మనవాళ్లకి ఇది తెలియదు. తెలిసింది వాట్సాప్ స్టేటస్సులే. గెలిచినవాడు చిప్స్ కుప్ప ఫొటో పెడతాడు, ఓడినవాడు బీచ్ ఫొటో పెడతాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో చూసేవాళ్లంతా గోవా వెళ్తే గెలుస్తారనే అనుకుంటున్నారు. "సంక్రాంతికి కోడిపందేలు ఆడమా ఏంటి" అనేవాళ్లకీ నాది ఒకటే మాట. అక్కడా ఇళ్లు గుల్లయినవాళ్లని మనం చూస్తూనే ఉన్నాం. అదొక సాకు కాకూడదు.

ఫ్లైట్, రూమ్ ఫ్రీ అని ఏజెంట్లు తిరుగుతున్నారు, గోవాకే కాదు, కొలంబోకి కూడా. ముందు డిపాజిట్ కట్టమంటారు, అంతా ఆడితేనే ఆ ఫ్రీ. అలాంటివాళ్ల ఫోన్ ఎత్తకండి.

మీరు నలుగురూ వెళ్లడం ఖాయమే అయితే ఒక పని చేయండి. రైలులోనే వెళ్లండి, గోవాలోని వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ మన వైజాగ్ మీదుగానే వెళ్తుంది. మిగిలిన డబ్బు రూముకి, తిండికి, స్కూటర్ అద్దెకి పెట్టుకోండి. ఓడకి ఒక్క రాత్రే, టికెట్‌తో వచ్చే కూపన్లు మాత్రమే ఆడండి. కార్డులు హోటల్ లాకర్‌లో వదిలేయండి, ఫోన్‌లో యూపీఐ, లోన్ యాప్‌లు బయల్దేరే ముందే తీసేయండి. మీలో ఒక్కడు దీనికి ఒప్పుకోకపోయినా అతన్ని ఓడ ఎక్కించకండి.