తొలి స్కీ యాత్ర: ఇంటిల్లిపాదికీ ఒకే పాఠం సరిపోతుందా?

ప్రశ్న: మేము నలుగురం ఈ శీతాకాలంలో మొదటిసారి ఆరు రోజుల స్కీ యాత్రకు వెళ్లాలనుకుంటున్నాము. మాలో ఎవరికీ మంచు మీద నడిచిన అనుభవం కూడా లేదు. అమ్మాయికి 11 ఏళ్లు, అబ్బాయికి 5 ఏళ్లు. ఒక ప్రైవేట్ శిక్షకుణ్ణి రెండు రోజులు పూర్తిగా మాట్లాడుకుని నలుగురం కలిసి నేర్చుకుంటే, మిగిలిన నాలుగు రోజులూ సొంతంగా తిరగవచ్చునని మావారు అంటున్నారు. ఆయనకు ఆటలంటే మహా ఉత్సాహం. నాకేమో ఎత్తు నుంచి కిందికి చూస్తేనే కాళ్లు వణుకుతాయి. నా భయం వల్ల వాళ్ల సెలవులు పాడవుతాయేమోనని బెంగగా ఉంది. మేము ఎలాంటి పాఠాలు ఎంచుకోవాలి?

జవాబు: మీవారి ఆలోచన వెనక అందరూ కలిసి ఉండాలన్న కోరిక ఉంది, అది మంచిదే. అయినా ఆ పద్ధతి వద్దని గట్టిగా చెబుతున్నాను. మీ నలుగురూ సెలవులను కలిసి ఆనందించాలంటే పాఠాలు మాత్రం విడివిడిగా నేర్చుకోవాలి. ఐదేళ్ల పిల్లవాడినీ, పదకొండేళ్ల అమ్మాయినీ, ఉత్సాహంగా ఉన్న తండ్రినీ, భయపడుతున్న తల్లినీ ఒకే శిక్షకుడి ముందు నిలబెడితే, ఆయన ఎవరికి తగిన వేగంతోనూ నేర్పలేరు. బాబు కాలి నుంచి స్కీ ఊడితే దాన్ని మళ్లీ తొడిగేదాకా మిగిలిన ముగ్గురూ చలిలో నిలబడాలి, మీరు వాలు మధ్యలో ఆగిపోతే పిల్లలిద్దరూ కింద ఎదురుచూడాలి. ప్రైవేట్ పాఠానికి గంటల లెక్కన రుసుము తీసుకుంటారు కాబట్టి నలుగురు పంచుకుంటే తలా తక్కువ పడినట్టు కనిపిస్తుంది, కానీ శిక్షకుడి శ్రద్ధ కూడా నాలుగు భాగాలవుతుందని మరిచిపోకూడదు.

రోజుల పంపకంలో మరో చిక్కు ఉంది. చీలమండను కదలనివ్వని గట్టి బూట్లు వేసుకుని, మోకాళ్లు వంచి నిలబడే కొత్తవారికి మూడు గంటలు గడిచేసరికి తొడలు అలసిపోతాయి. అలా అలసిన కాళ్లతో సాధన కొనసాగిస్తే నేర్చుకునేది తక్కువ, పడేది ఎక్కువ. చాలా రిసార్టులు ఎత్తైన కొండల మీద ఉంటాయి కనుక, ముఖ్యంగా 2,500 మీటర్లు దాటినచోట, మొదటి ఒకటి రెండు రోజులు తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం కూడా ఎదురుకావచ్చు. శరీరం ఇంకా సర్దుకోని ఆ రోజుల్లోనే శిక్షణ మొత్తం ముగించి, అసలు ప్రశ్నలు పుట్టే మూడో రోజు నుంచి శిక్షకుడు లేకుండా ఐదేళ్ల బాబును వెంటబెట్టుకుని తిరగడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అందుకని నా సలహా ఇది: మొదటి ఐదు రోజులూ ఉదయం పూట అర్ధదినం పాఠాలు తీసుకోండి, మధ్యాహ్నం భోజనానికి అందరూ కలవండి, ఓపిక ఉన్నవారు ఆ తరువాత కొత్తవారి కోసం కేటాయించిన వాలు మీద ఓ గంట సాధన చేసుకోండి, ఆరో రోజు నలుగురూ కలిసి స్కీ చేయండి. అయితే బుక్ చేసే ముందు తరగతులు వారంలో ఏ రోజున మొదలవుతాయో కనుక్కోవడం చాలా అవసరం. ఆల్ప్స్ పర్వత ప్రాంతంలోని అనేక స్కూళ్లలో గ్రూప్ తరగతులు ఆదివారమో సోమవారమో మొదలై శుక్రవారం దాకా సాగుతాయి. మీరు బుధవారం చేరితే, అప్పటికే రెండు మూడు రోజులు నేర్చుకున్న గ్రూపులో కలవాల్సి వస్తుంది, లేదంటే ప్రైవేట్ పాఠమే గతి అవుతుంది. ఉత్తర అమెరికా రిసార్టుల్లో సాధారణంగా ఏ రోజుకారోజు చేరే వీలుంటుంది. విమాన టికెట్లు కొనేముందే ఈ సంగతి చూసుకోండి.

అబ్బాయి విషయంలో ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మూడేళ్ల పిల్లలను చేర్చుకునే స్కూళ్లు ఉన్నా, ఐదేళ్ల వయసులో కూడా పాఠం అంటే సగం ఆటే. స్కీల ముందు కొనలను దగ్గరగా, వెనక కొనలను దూరంగా జరిపి వేగం తగ్గించే స్నోప్లౌ భంగిమను ఆటల ద్వారానే అలవాటు చేస్తారు. మొదట్లో కర్రలు ఇవ్వరు, అది లోపం కాదు. పైకి చేరడానికి మేజిక్ కార్పెట్ అనే కదిలే బెల్టు, చలి వేస్తే కూర్చోవడానికి వెచ్చని గది, టాయిలెట్‌కు తీసుకువెళ్లడానికి ఒక సహాయకురాలు ఉన్న స్కూలును వెతకండి. ఈ వయసువారికి ఒక శిక్షకుడి దగ్గర ఆరుగురిని మించకుండా ఉంటే మేలని నా అభిప్రాయం. పూర్తి రోజు తరగతిలో చేర్చవద్దు. వాడిని అప్పగించాక మీరు కనబడకుండా వెళ్లిపోండి. కంచె పక్కన అమ్మ నిలబడి ఉంటే పిల్లవాడి చూపు శిక్షకుడి మీద నిలవదు, చిన్న కష్టానికే ఏడుపు మొదలవుతుంది.

అమ్మాయిని తన వయసు పిల్లల గ్రూపులో చేర్చండి. ఆ వయసులో తోటివారిని చూసి నేర్చుకున్నంతగా పెద్దవారి మాటలు విని నేర్చుకోరు. మీవారు పెద్దల గ్రూపులో చేరవచ్చు, ఆయన ఉత్సాహానికి అక్కడ తగిన పోటీ దొరుకుతుంది.

మీకు మాత్రం మొదటి రెండు రోజులు రెండేసి గంటల ప్రైవేట్ పాఠం తీసుకోమంటాను. కుటుంబంలో ఖర్చు పెట్టవలసిన ప్రైవేట్ పాఠం ఏదైనా ఉంటే అది మీదే. భయపడేవారు గ్రూపులో ఉన్నప్పుడు అందరినీ ఆపుతున్నామన్న సంకోచంతో, సిద్ధం కాకముందే వాలు దిగుతారు. వెంటనే శరీరం వెనక్కి వాలుతుంది, బరువు మడమల మీదికి పోతుంది, స్కీలు మాట వినవు. ఒంటరి పాఠంలో ఆ తొందర ఉండదు. చదునైన మంచు మీద ఒక స్కీతో జారడం, పడి లేవడం, ఆగడం వచ్చేదాకా వాలు ఎక్కించవద్దని శిక్షకుడికి మొదటే చెప్పండి. ఆగడం మీ చేతిలో పని అయ్యాక ఎత్తు భయం చాలావరకు తగ్గుతుంది. మూడో రోజు నుంచి పెద్దల గ్రూపులో కలవవచ్చు. మీ వల్ల ఎవరి సెలవులూ పాడవవు. విడివిడిగా నేర్చుకుంటున్నారు కాబట్టి మీ కోసం ఎవరూ ఆగవలసిన అవసరమే లేదు.

ప్రశ్న: ప్రతి స్కూలూ తమ దగ్గర అర్హత ఉన్న శిక్షకులే ఉన్నారని చెబుతుంది. నిజంగా మంచిదాన్ని గుర్తించడానికి ఏమి అడగాలి?

జవాబు: అర్హతల పద్ధతి దేశానికొక తీరుగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో రుసుము తీసుకుని నేర్పడానికి ప్రభుత్వం గుర్తించిన అర్హత చట్టప్రకారం ఉండాలి. అమెరికాలో వృత్తి సంఘం ఇచ్చే మూడు స్థాయుల సర్టిఫికేట్లు ఉన్నా, పాఠం చెప్పడానికి చట్టం వాటిని తప్పనిసరి చేయలేదు. బ్రిటన్ సంఘం నాలుగు స్థాయులు ఇస్తుంది, మొదటి స్థాయి పొందినవారు కృత్రిమ వాలుల మీద, ఇండోర్ కేంద్రాలలో నేర్పగలరు. కనుక స్థాయి ఏమిటని అడగండి. కానీ దానితోనే తృప్తి పడవద్దు. అత్యున్నత స్థాయి శిక్షకుడికి పందెపు వాలుల మీద ఆసక్తి ఎక్కువై, మొదటిరోజు విద్యార్థి మీద ఓపిక తక్కువ కావచ్చు. కొత్తవారికీ చిన్నపిల్లలకూ ఎన్ని సీజన్లుగా నేర్పుతున్నారన్న ప్రశ్న మరింత ఉపయోగపడుతుంది.

గ్రూపులో సగటున ఎంతమంది ఉంటారని కాకుండా, అత్యధికంగా ఎంతమందిని తీసుకుంటారని అడగండి. రద్దీ వారాల్లో సగటుకూ వాస్తవానికీ చాలా తేడా ఉంటుంది, ముఖ్యంగా క్రిస్మస్, ఫిబ్రవరి పాఠశాల సెలవుల్లో. వారమంతా ఒకే శిక్షకుడు ఉంటారా, మీ పిల్లలకు అర్థమయ్యే భాషలో పాఠం చెబుతారా, వాలు పైకి చేర్చే వేలాడే కుర్చీ, అంటే చెయిర్‌లిఫ్ట్ ఎక్కేటప్పుడు చిన్నపిల్ల పక్కన పెద్దవారెవరు కూర్చుంటారు, జ్వరం వచ్చి రెండు రోజులు రాలేకపోతే రుసుము ఏమవుతుంది, ఇవన్నీ ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. భాష సంగతి చాలామంది చివరిదాకా మరిచిపోతారు. శిక్షకుడి మాట అర్థంకాని పిల్లవాడు వారమంతా ఇతరులను అనుకరిస్తూ గడిపేస్తాడు. తొలి రోజులకు మొత్తం రిసార్టు లిఫ్ట్ పాస్ అవసరమా అనీ అడగండి. కొన్నిచోట్ల కొత్తవారి వాలు దగ్గరి లిఫ్టులకు తక్కువ ధర పాస్ ఉంటుంది, కొన్నిచోట్ల అవి ఉచితం కూడా.

సీజను చివరి వారాల్లో వెళ్లేవారు పాఠం వేళ కూడా చూసుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి, తెల్లవారేసరికి గాజులా గట్టిగా ఉంటుంది. కొత్తవారు కాస్త పొద్దెక్కాక మొదలుపెట్టడమే మంచిది.

ప్రశ్న: చాలా ఏళ్లుగా స్కీ చేస్తున్న స్నేహితుడు మాతో వస్తున్నారు, ఉచితంగా నేర్పుతానంటున్నారు. పాఠాలకు డబ్బు ఎందుకు పెట్టాలి?

జవాబు: ఆయన స్నేహాన్ని స్వీకరించండి, పాఠాన్ని మాత్రం స్కూలుకు వదిలేయండి. బాగా స్కీ చేసేవారు తమ మొదటి రోజు ఎలా ఉండేదో మరిచిపోయి ఉంటారు, తమకు సులువనిపించే వాలును కొత్తవారికీ సులువేనని నమ్మి మధ్యాహ్నానికే పైకి తీసుకుపోతారు. పైనుంచి దిగలేక ఏడ్చిన పిల్లలు మరుసటి రోజు బూట్లు తొడగడానికే ఒప్పుకోరు. వాలు ఎంత కష్టమో సూచించే రంగులు కూడా భ్రమ కలిగిస్తాయి. ఆస్ట్రియాలో నీలం అంటే అన్నిటికన్నా సులువైన వాలు, ఫ్రాన్స్‌లో దానికి ముందు ఆకుపచ్చ ఉంటుంది, ఉత్తర అమెరికాలో నీలం చతురస్రం మధ్యస్థాయి వారికి. ఒక ఖండంలో అలవాటైనవారు మరో ఖండంలో మిమ్మల్ని తెలియకుండానే కష్టంలో పెట్టవచ్చు.

ఆ స్నేహితుడు చేయగల మేలు వేరే ఉంది. అద్దె దుకాణంలో బూట్లు సరిచూడటానికి తోడు రమ్మనండి, మధ్యాహ్నం శిక్షకుడు నేర్పినదాన్ని అదే సులువైన వాలు మీద మీతోపాటు చేయమనండి, అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో తొలిసారి ప్రకటించిన ప్రవర్తనా నియమాలను పిల్లలకు వివరించమనండి. ఇవి పది ఉన్నాయి. పైనుంచి వచ్చేవారే కింద ఉన్నవారికి అపాయం కలగకుండా దారి ఎంచుకోవాలన్న నియమం ఒక్కటైనా మొదటి రోజే తెలియాలి.

ప్రశ్న: ఇంట్లో అందరం స్కీయింగ్ అనుకుంటుంటే, పద్నాలుగేళ్ల అబ్బాయి మాత్రం రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించి జారే స్నోబోర్డ్ కావాలని పట్టుబడుతున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోండి. నేర్చుకోవాలన్న పట్టుదల అంత ఉన్నప్పుడు దాన్ని కాదనడం ఎందుకు? కాకపోతే మొదటి రెండు మూడు రోజులు తరచుగా పడతాడనీ, ఆ రోజుల్లో స్కీ నేర్చుకునే చెల్లెలు తనకన్నా ముందుకు పోతుందనీ వాడికి ముందే చెప్పండి. ఆ దశ దాటితే ప్రగతి వేగంగా ఉంటుంది. కొత్త స్నోబోర్డర్లకు పడేటప్పుడు చేతులు ఆన్చడం వల్ల మణికట్టు గాయాలు ఎక్కువగా అవుతాయి, అందుచేత మణికట్టు రక్షణ పట్టీలు తప్పకుండా కొనండి. రెండు రోజులు బోర్డు, రెండు రోజులు స్కీ అని మార్చుకుంటే ఏదీ రాదు. ఏదో ఒకటి నిర్ణయించుకుని వారమంతా దాని తరగతికే వెళ్లాలి.

ప్రశ్న: పాఠాల మొదటి ఉదయానికి ముందు ఏమేమి సిద్ధంగా ఉంచుకోవాలి?

జవాబు: సామాను అద్దెకు తీసుకోవడం ముందురోజు సాయంత్రమే పూర్తిచేయండి. ఉదయం దుకాణంలో వరుసలో నిలబడితే తరగతి సగం పోతుంది. నిటారుగా నిలబడినప్పుడు కాలివేళ్లు బూటు ముందుభాగాన్ని తాకి, మోకాళ్లు వంచినప్పుడు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. మేజోళ్లు పలుచనివి ఒక్క జత చాలు. రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి. పడినప్పుడు స్కీని కాలి నుంచి విడిపించే బైండింగ్‌ను మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి బిగిస్తారు కనుక బరువును ఒక కిలో కూడా తగ్గించి చెప్పవద్దు, అన్నాచెల్లెళ్లు స్కీలు మార్చుకోకుండా చూడండి.

వీలైతే ప్రయాణానికి ముందు ఇండోర్ మంచు కేంద్రంలో ఒకటి రెండు పాఠాలు తీసుకోండి. తొలి ఉదయం బూట్లతో పడే అవస్థ అక్కడే తీరిపోతుంది. ఎత్తు ప్రతి 1,000 మీటర్లు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి పైకి ప్రతిఫలిస్తుంది. మబ్బు పట్టిన రోజు కూడా గాగుల్స్, సన్‌స్క్రీన్ ఉండాలి.

హెల్మెట్ విషయంలో దేశపు చట్టం కోసం చూడకుండా అందరూ పెట్టుకోండి. సాధారణ ప్రయాణ బీమా చాలాసార్లు స్కీయింగ్‌ను మినహాయిస్తుంది కాబట్టి శీతాకాల క్రీడల రక్షణను విడిగా చేర్చుకోవాలి. ఇటలీలో 2022 నుంచి వాలు మీద ఇతరులకు కలిగే నష్టానికి బాధ్యత వహించే బీమా లేనిదే స్కీ చేయకూడదు. పాలసీ సంఖ్యనూ, మీ ఫోన్ నంబరునూ, బస చేసిన చోటి పేరునూ ఒక కాగితం మీద రాసి ప్రతి పిల్లవాడి జాకెట్ లోపలి జేబులో పెట్టి, అది ఎక్కడుందో వాడిని ఒకసారి చూపించమనండి.