కారు నంబరు ఎర్రచందనం కేసులో ఉందని పదేపదే ఆపుతున్నారన్న ప్రశ్నకు సమాధానం

మీ కారు నంబరుతో ఎవరో నకిలీ ప్లేటు చేయించుకుని తిరుగుతుండవచ్చు. శేషాచలం చుట్టుపక్కల దుంగలు తరలించేవారు వేరొకరి నంబర్లు తగిలించుకోవడం పాత పద్ధతే. కరకంబాడి దారిలోనూ, భాకరాపేట కనుమ దగ్గరా మిమ్మల్ని ఆపి గంటల తరబడి కూర్చోబెట్టిన సిబ్బంది చూసింది ఆ నంబరునే; అది మీ తప్పు కాదు.

1. ఆపినప్పుడు వాదించకుండా, ఛాసిస్, ఇంజిను నంబర్లను ఆర్‌సీతో సరిచూడమని మర్యాదగా కోరండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది. సిబ్బంది పంపించగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేస్తారు. కానీ అనుమానిత వాహనాల జాబితాలో మీ నంబరు అలాగే ఉంటుంది గనుక తర్వాతి చెక్‌పోస్టులో కథ మళ్లీ మొదలవుతుంది. అందువల్ల మీ నంబరును ఎవరో దుర్వినియోగం చేస్తున్నారని స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ కేసు నమోదైన స్టేషనుకు కూడా తెలియజేయమని అందులోనే కోరి, రశీదు తప్పక తీసుకోండి. ఫిర్యాదు నమోదు చేయకపోతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) ప్రకారం దాన్ని జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు.

3. నేరం జరిగిన రోజు మీ కారు గాదంకి టోల్‌గేటు దాటి చిత్తూరు వెళ్లి ఉంటే, ఆ ఫాస్టాగ్ వివరాలను ఫిర్యాదుకు జతచేయండి. నా దృష్టిలో ఇంతకంటే బలమైన ఆధారం లేదు.

4. రశీదు నకలును ఆర్‌సీతో పాటు కారులోనే ఉంచండి.